మంచె మీద నుంచి చూస్తే టాప్ వ్యూ

మేం ఇద్దరం మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పే పంతుళ్లం. మాలో ఒకరిది భద్రాచలం ఏజెన్సీలోని కోయ గూడెం, ఇంకొకరిది మహబూబాబాద్ వైపు లంబాడా తండా. ఇద్దరం ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లమే. ఒకే కాలేజీలో, ఒకే స్టాఫ్ రూంలో పద్నాలుగేళ్లుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నాం. బయట మా రెండు జాతుల మధ్య రిజర్వేషన్ల మీద వాదనలు నడుస్తున్నాయి. మాకూ అభిప్రాయాలున్నాయి, అవి అన్నిసార్లూ కలవవు. కానీ లేత్ మెషీన్ దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ పిల్లవాణ్ని చూస్తే ఇద్దరికీ ఒకటే గుర్తొస్తుంది. మేమూ ఇట్లాగే నిలబడ్డాం. అందుకే ఈ నాలుగు మాటలూ ఇద్దరం కలిసి రాస్తున్నాం.

ఊరికి పోయినప్పుడు పెద్దవాళ్లు అడుగుతారు, "ఏం చెప్తవు బిడ్డా కాలేజీల?" అని. మెకానికల్ అంటే వాళ్లకు బండ్లు బాగుచేసే షెడ్డు. మేం కాదనం. ఇనుము ఎందుకు వంగుతుందో, ఎంత బరువుకు విరుగుతుందో, వేడి ఎట్లా పని చేస్తుందో లెక్కగట్టి చెప్తాం అంటాం. "గదంతా కమ్మరాయనకు తెల్సు గద" అంటారు. అది నిజమే. మా పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

మా తరగతిలో మావాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. 60 సీట్ల సెక్షన్‌లో 6 శాతం అంటే ముగ్గురో నలుగురో. 2022లో తెలంగాణలో గిరిజన రిజర్వేషన్ 10 శాతం అయ్యాక ఆరుగురు. ఆ ఆరుగురూ మొదటి నెలలో ఒకే చోట కూర్చుంటారు, అదీ చివరి బెంచీల్లో. ప్రశ్న అడిగితే తల దించుకుంటారు. స్టాఫ్ రూంలో ఎవరో ఒకరు "ఈ సీట్లవాళ్లు ఇంతే" అని అనేస్తారు. మేం గొంతు పెంచకుండా ఒకటే చెప్తాం. సీటుకు రిజర్వేషన్ ఉంది గానీ పాస్ మార్కుకు లేదు. వీళ్లు అందరితో పాటు అదే పేపరు రాసి, అవే మార్కులు తెచ్చుకోవాలి. వీళ్లకు తెలివి తక్కువ కాలేదు. చేతికీ కంటికీ ఇప్పటికే తెలిసినదాన్ని కాగితం అడిగే తీరులోకి మార్చి చూపేవాళ్లు వీళ్లకు దొరకలేదు. మా పద్నాలుగేళ్ల పని అదే.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ సంగతి చూడండి. మొదటి సంవత్సరంలో మా పిల్లలను ఎక్కువగా ముంచే సబ్జెక్టు అది. ఒక వస్తువును ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూసి మూడు బొమ్మలు గీయాలి. ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ, సైడ్ వ్యూ. పట్నం పిల్లలకు ఇంట్లో అన్నో అక్కో చెప్పి ఉంటారు, లేదంటే కంప్యూటర్‌లో తిప్పి చూసి ఉంటారు. మావాళ్లు డ్రాయింగ్ బోర్డు మొదటిసారి చూసేది కాలేజీలోనే.

ఒక ఏడాది చర్ల వైపు నుంచి వచ్చిన అబ్బాయి టాప్ వ్యూ ఎన్నిసార్లు గీసినా తప్పే గీశాడు. రబ్బరుతో చెరిపి చెరిపి షీటు చిరిగిపోయింది. మాలో ఒకరు పక్కన కూర్చుని అడిగారు. "మీకు జొన్న చేను ఉందా?" ఉందన్నాడు. "కాపలాకు మంచె కట్టారా?" కట్టామన్నాడు. "మంచె ఎక్కి కిందికి చూస్తే మీ నాయన ఎట్లా కనబడతాడు?" వాడు నవ్వాడు. "తలపాగా, రెండు భుజాలు కనబడతయి సార్. కాళ్లు కనబడవు." "బాటలో ఎదురుగా వస్తుంటే?" "అంతా కనబడతడు." "మంచె మీది నుంచి చూసింది టాప్ వ్యూ. బాటలో చూసింది ఫ్రంట్ వ్యూ. కనబడని కాళ్లను చుక్క గీతలతో గీస్తాం, అవి హిడెన్ లైన్లు." ఆ సాయంత్రం వాడు నాలుగు బొమ్మలు గీశాడు. మూడు సరిగ్గా వచ్చాయి.

తర్వాతి చిక్కు టాప్ వ్యూను కాగితం మీద కింద ఎందుకు గీయాలన్నది. పై నుంచి చూసింది పైన ఉండాలి కదా అని ప్రతి ఏడూ అడుగుతారు. మన దేశంలో పాఠాల్లో వాడేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. అందులో చూసే మనిషికీ బొమ్మ పడే తలానికీ మధ్యలో వస్తువు ఉంటుంది. దాన్ని నీడతో చెప్తాం. దీపం ముందు చెయ్యి పెడితే నీడ వెనక గోడ మీద పడుతుంది. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీ నీడ నీ కాళ్ల కింద పడుతుంది. పై నుంచి చూసిన బొమ్మ కింద పడేదీ అందుకే. ఈ మాట చెప్పాక మళ్లీ అడిగిన పిల్లవాడు మాకు గుర్తులేడు.

ఇక భాష సంగతి. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ చెప్పుకోవచ్చని అనుమతిచ్చింది. మంచిదే. కానీ మా పిల్లల్లో చాలామందికి తెలుగు కూడా బడిలో నేర్చుకున్న భాషే. ఇంట్లో కోయ, గోండీ, గోర్‌బోలీ. బడిలో తెలుగు. కాలేజీలో ఇంగ్లీషు. ఒక్కో మెట్టు దగ్గర ఒకసారి మూగవాళ్లవుతారు. 1940లలో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసి, గోండీ వాచకాలతో బడులు నడిపారు. పిల్లవాడి భాషలో మొదలుపెడితే చదువు నిలుస్తుందని ఆ రోజుల్లోనే తెలిసింది. ఇంజనీరింగ్ దాకా ఆ సంగతి ఇంకా రాలేదు.

ఫ్లూయిడ్ మెకానిక్స్ తరగతిలో ఒకసారి తెలుగులో చెప్తూ "ఏరు పారుతోంది అనుకోండి" అన్నాం. తెలుగు పిల్లలకు వాగు గుర్తొచ్చింది. కోయ పిల్లలకు బిందెలో నీళ్లు గుర్తొచ్చాయి. మా కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టాం. పాఠంలో వచ్చే మాట పక్కన ఎవరి ఇంటి మాట వాళ్లు రాస్తారు. మొదటి పేజీలో మొదటి వరుస ఇది: ఏరు, పాణీ, నీళ్లు, వాటర్. ఇప్పుడు ఆ పుస్తకం మూడోది నడుస్తోంది. కొన్ని మాటలకు పిల్లలు సెలవుల్లో అవ్వను అడిగి వస్తారు. అవ్వలకు కూడా మనవడు ఏం చదువుతున్నాడో కొంచెం తెలుస్తుంది.

తెలుగు మీడియంలో స్ట్రెస్‌ను ప్రతిబలం అంటారు, స్ట్రెయిన్‌ను వికృతి అంటారు. పిల్లలు ఈ రెండూ బట్టీ పట్టి వస్తారు. ఇక్కడ మళ్లీ ఇంగ్లీషు మాటలు బట్టీ పడతారు. రెండింటిలోనూ అర్థం ఎక్కడా తగలదు. అందుకని విల్లు తెమ్మంటాం. తీగ లాగినప్పుడు విల్లుకు బయటి వైపు సాగుతుంది, మనవైపున్న లోపలి భాగం నొక్కుకుంటుంది, నడుమ ఎక్కడో సాగనీ నొక్కుకోనీ పొర ఒకటి ఉంటుంది. దాన్నే న్యూట్రల్ యాక్సిస్ అంటారు. వెదురులో గట్టి నార తోలు పక్కన ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. "మరి విల్లు చేసేటప్పుడు తోలు ఎటువైపు ఉంచుతారు, ఎందుకు? మీ తాతను అడిగి రండి" అని పంపిస్తాం. బెండింగ్ పాఠానికి మేం ఇచ్చే మొదటి హోంవర్క్ అది.

వైవా పరీక్షలో మా పిల్లల గొంతు పూర్తిగా పోతుంది. ఒక అమ్మాయి వర్క్‌షాపులో స్క్వేర్ ఫిట్టింగ్ జాబ్ చేసింది. ఆకురాయి పట్టిన తీరు చూసి ల్యాబ్ టెక్నీషియనే మెచ్చుకున్నాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఇంగ్లీషులో వెర్నియర్ లీస్ట్ కౌంట్ ఎంత అని అడిగితే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మాట రాలేదు. మేం ఆయన అనుమతి తీసుకుని అదే ప్రశ్న తెలుగులో అడిగాం. ఆ పిల్ల వెర్నియర్ చేతిలోకి తీసుకుని చూపించింది. "ఈ చిన్న స్కేలు మీద 50 గీతలున్నయి సార్. అవి పెద్ద స్కేలు మీద 49 మిల్లీమీటర్లల్ల సరిపోతయి. అంటే ఒక్కో గీతకు కొంచెం తక్కువ పడతది. ఆ తక్కువే 0.02 మిల్లీమీటర్లు." ఆయన కుర్చీలో ముందుకు వంగి విన్నాడు. మార్కులు న్యాయంగానే వేశాడు. అడిగే భాష మారితే జవాబు వస్తుందని ఆ రోజు ఆ గదిలో ఉన్న అందరూ చూశారు.

తండా పక్క ఊరి కమ్మరి దగ్గర మాలో ఒకరు చిన్నప్పుడు చూసిన పని ఒకటి ఇప్పటికీ పాఠంలో వాడుతున్నాం. ఎడ్లబండి చెక్క చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. అది పెద్దదవుతుంది. పట్టకారుతో ఎత్తి చక్రం మీద వేసి, సమ్మెటతో దించి, నీళ్లు పోస్తారు. చల్లారి బిగుసుకుంటుంది. దీన్నే పుస్తకం ష్రింక్ ఫిట్ అంటుంది. లెక్క కూడా సులువే. ఉక్కు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు సాగుతుంది. ఒకటిన్నర మీటరు అడ్డకొలత ఉన్న పట్టాను 400 డిగ్రీలు వేడెక్కిస్తే అడ్డకొలత 7 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. కమ్మరాయన తాడుతో కొలిచి వదిలిపెట్టిన తేడా ఇంతలోపే ఉంటుంది. రైలు పెట్టె చక్రాన్ని ఇరుసుకు బిగించడంలోనూ ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్టే ఉంటుందని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. ఇప్పుడు బండ్లకు రబ్బరు టైర్లు వచ్చాయి. అయినా తాతలు చూశారు, తాతలను అడిగిన పిల్లలకు తెలుసు.

ఇంకొక పాఠం చెప్తే కొందరు నవ్వుతారు. థర్మోడైనమిక్స్‌లో కండెన్సర్ గురించి చెప్పేటప్పుడు ఇప్పసారా కాచే కుండ బొమ్మ గీస్తాం. సారా కాచమని మేం చెప్పడం లేదు. కింద మంట, కుండలో ఊరిన ఇప్పపూలు, పైన చల్లనీళ్ల పాత్ర. ఆల్కహాల్ నీటికంటే ముందే, 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆవిరి పైకెక్కి చల్లటి పాత్రకు తగిలి నీరై కారుతుంది. పైన నీళ్లు వేడెక్కితే అవ్వ తీసేసి చల్లనీళ్లు పోస్తుంది. ఎందుకు పోస్తుందో చెప్పగలిగిన పిల్లవాడికి కండెన్సర్‌లో కూలింగ్ వాటర్ ఎందుకు ఆగకుండా పారాలో వేరే చెప్పక్కర్లేదు. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం 1080 మెగావాట్లది. అక్కడ ఆవిరి టర్బైన్‌ను తిప్పి, కండెన్సర్‌లో నీరై మళ్లీ బాయిలర్‌కు పోతుంది. ఆ ఆవిరి లెక్కను ర్యాంకిన్ సైకిల్ అంటారు, అది మా రెండో సంవత్సరం పాఠం. మా ఏజెన్సీ నేల మీద కట్టిన కేంద్రంలో మా పిల్లలు బూడిద ఎత్తే కూలీలుగానే కాకుండా కంట్రోల్ రూంలో కూర్చోవాలని మా కోరిక.

ఇదంతా పాఠం సంగతి. పిల్లలు పోయేది మాత్రం ఎక్కువగా పాఠం దగ్గర కాదు. హాజరు దగ్గర, బ్యాక్‌లాగ్‌ల దగ్గర, ఫీజు దగ్గర.

మా కాలేజీలో ఒక్కో అధ్యాపకుడికి ఇరవై మంది విద్యార్థులను అప్పగిస్తారు. దీన్నే మెంటరింగ్ అంటారు. దానికి ఒక ఫారం ఉంది. హాజరు శాతం, మార్కులు, తండ్రి ఫోన్ నంబరు, మెంటర్ సంతకం. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాసే గడి అందులో లేదు. ఇంటికి బస్సు వస్తుందా అన్న గడి లేదు. ఏ నెలలో ఇంట్లో చేతులు అవసరమవుతాయో రాసే గడి లేదు. మేం ఆ మూడూ ఫారం వెనక పెన్సిల్‌తో రాసుకుంటాం.

ఈ మూడో గడి చాలా ముఖ్యం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి. ఏప్రిల్, మేలో తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట. తెల్లారక ముందే అడవికి పోయి, పొద్దెక్కేసరికి ఆకు తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కడతారు. ఏడాదిలో ఒక్కసారి చేతికి నగదు కనబడే రోజులవి. సరిగ్గా అప్పుడే మా రెండో సెమిస్టర్ ముగింపు. ఇక్కడ 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు, స్కాలర్‌షిప్పూ ఆగుతుంది. ఇంటికి పోయిన పిల్లవాడు పది రోజులు ఆలస్యంగా వస్తే ఏడాది పోయినట్టే.

రెండో సంవత్సరంలో ఒకడు అట్లాగే పోయి రాలేదు. ఫోను కలవదు, వాళ్ల ఊరికి సిగ్నల్ లేదు. ఆదివారం ఇద్దరం బండి మీద పోయాం. తారు రోడ్డు అయిపోయాక వాగు, వాగు దాటాక ఇంకో ఆరు కిలోమీటర్లు. వాడు కల్లంలో తునికాకు కట్టలు తిరగేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తండ్రి నులక మంచం వాల్చాడు. తల్లి నీళ్లు తెచ్చి ఇచ్చి కోయలో అడిగింది, అక్కడ వీడు కడుపు నిండా తింటున్నాడా అని. మార్కుల గురించి కాదు. మాలో ఒకరు కోయలోనే జవాబు చెప్పారు. దాంతో తండ్రి మాట కలిపాడు.

"సారూ, నాలుగు సబ్జెక్టులు పోయినయట గద. ఇగ అయితదా వీనితోని?"

నాలుగు పోయినా ఆరు పాసయ్యాడని చెప్పాం. ఆ ఆరింటి పేర్లు ఒక్కొక్కటీ చెప్పాం. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పోయినవాటి గురించే వాళ్లకు ఎవరో చెప్పారు, పాసయినవాటి గురించి ఎవరూ చెప్పలేదు. తునికాకు ఇంకా పన్నెండు రోజులుంది. పొద్దున ఆకు కోసి ఇచ్చి, రెండు రోజులకోసారి వచ్చి హాజరు కాపాడుకునే దూరం కాదది. తండ్రే కాసేపు ఆలోచించి, "వాని పాలు ఆకు వాళ్ల పెద్దవ్వ కోస్తది" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున వాడు బస్సెక్కాడు. హాజరు 75కు చేరలేదు గానీ 65 దాటింది. దాన్ని మినహాయించే వీలు నిబంధనల్లో ఉంది. దరఖాస్తుతో మేమే ఆఫీసు చుట్టూ తిరిగాం. వాడు డిగ్రీ ఒక ఏడాది ఆలస్యంగా పూర్తిచేశాడు. ఇప్పుడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్. ఇంటికి వచ్చినప్పుడల్లా పెద్దవ్వకు చీర తెస్తాడు.

అందరి కథా ఇట్లా తేలలేదు. ఒక అబ్బాయి బాగా చదివేవాడు, డిజైన్ సబ్జెక్టులో సెక్షన్ మొదటివాడు. ఫీజు డబ్బు రావడం ఆలస్యమైతే చదివిన కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఒక ఉద్యోగానికి ఒరిజినల్స్ చూపాల్సిన తేదీ దాటిపోయింది. తర్వాత సర్టిఫికెట్లు వచ్చాయి, ఉద్యోగం రాలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గోదాములో సామాన్లు ఎక్కిస్తున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, బాగున్నా సార్ అంటాడు. చదువు మాట ఎత్తితే పెట్టేస్తాడు. వాడి పేరు మా పెన్సిల్ పుస్తకంలో ఇంకా ఉంది. పరీక్షల నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా వాడికి పంపిస్తూనే ఉన్నాం.

ఆడపిల్లలది ఇంకో రకం. మెకానికల్‌లో వాళ్లు తక్కువ. తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేరిన వారానికే బ్రాంచి మార్చమని తండ్రి వచ్చాడు. ఆడపిల్లకు ఇనుప పనేమిటి అన్నాడు. ఆ పిల్ల మధ్యలో అందుకుంది. "బాపూ, బోరు మోటారు కాలినప్పుడు యాడి, నేనే గదా పైపులు గుంజింది. అప్పుడు ఇనుము కాదా అది?" ఆయన దగ్గర జవాబు లేదు. మేమూ ఏం మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరం పడలేదు. ఆమె ఇప్పుడు పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు చెప్తోంది. ఆమె తరగతిలో ఆడపిల్లలు ముందు బెంచీలో కూర్చుంటారట.

ఈ పుస్తకం చదివే మీలో చాలామందికి ఇంజనీరింగ్‌తో పని లేకపోవచ్చు. కానీ మీ గూడెంలోనో తండాలోనో ఎవరో ఒకరి బిడ్డ ఆ చదువులో ఉండే ఉంటుంది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు "ఉద్యోగం ఎప్పుడొస్తది?" అని అడక్కండి. ఏ సబ్జెక్టు గట్టిగా ఉంది, ఏది అయిపోయింది, ఏది మిగిలింది అని అడగండి. మిగిలినవి ఎన్నో చెప్పడానికి సిగ్గుపడతారు. చెప్పేదాకా పక్కన కూర్చోండి. తునికాకు సమయంలో ఆ బిడ్డ పాలు పని ఇంకొకరు పంచుకోగలరేమో చూడండి. ఊళ్లో చదివి ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఉంటే వాళ్ల ఫోన్ నంబరు ఆ బిడ్డ చేతికివ్వండి. మీ దగ్గర విల్లు చేసే తాత, కొలిమి పని తెలిసినవాళ్లు, ఇప్పపూలు ఊరబెట్టే అవ్వ ఉంటే వాళ్లు పని చేస్తున్నప్పుడు పక్కన కూర్చోబెట్టండి, ఎందుకు అట్లా చేస్తారో అడగమనండి.

ఈ ఏడు మొదటి సంవత్సరంలో మాకు ఏడుగురు వచ్చారు. నలుగురు కోయలు, ఇద్దరు లంబాడాలు, ఉట్నూరు వైపు నుంచి ఒక గోండు పిల్ల. ఫారాల వెనక గడులు నింపడం మొదలుపెట్టాం. గోండీ మాటలు రాయడానికి మాటల పుస్తకంలో కొత్త వరుస గీశాం. వచ్చే సోమవారం డ్రాయింగ్ మొదటి తరగతి.